అటక మీది మంచిరోజు

ఆ ఆదివారం చేయవలసిన పనులు ఇవి: పిండి గిర్నీలో జొన్నలు పట్టించాలి. తెగిన దండెం కట్టాలి. సాయంత్రం రాయికోడ్ బస్సు దిగే అమ్మను ఇంటికి తీసుకురావాలి. అటక మీది కొత్త కంచాల డబ్బా దింపాలి. ఇవన్నీ మా ఆవిడ నాగరాణి చెప్పినవి. నేను కలిపింది ఒకటే: పొగలదొరను చంపాలి.

పొగలదొర పక్కింటివాడు కాడు. నా ఫోన్ ఆటలో చివరి రాక్షసుడు. పాతకాలపు చుక్కల బొమ్మల ఆట అది. మన వీరులు నలుగురూ తలా ఒక దెబ్బ వేసి ఆగాలి, తర్వాత వాడు కొడతాడు. తన వంతు వచ్చేదాకా వాడు నోరు మెదపడు. అంత మర్యాద మా ఇంట్లో లేదు.

“కంచాలు దింపినవా?” అంది నాగరాణి.

“ఎవరన్న పెద్దోళ్లు వస్తె దింపుత.”

“పెండ్లయిన కాడికెల్లి గదే మాట. కలెక్టర్ వస్తడా మనింటికి బువ్వకు?”

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. దాచుకోవడం మాత్రం డిగ్రీకి ముందే వచ్చింది. ఆ కంచాలు మా పెళ్లికి అమ్మ సంతలో ఏరి కొని, “మంచిరోజుకు దాచుకో బిడ్డా” అని ఇచ్చినవి.

అప్పుడే నాకొక ఉపాయం తట్టింది.

“చివరి రాక్షసుడు ఈ పొగలదొర. వీనితోని ఒక్క ఆట ఆడు. గెలిస్తె పనులన్నీ నేనే చేస్త, కంచాలు గూడ దింపుత. ఓడితె పనులు నీయి, కంచాలు అటక మీదనే.”

ఆమె ఏనాడూ ఫోన్‌లో ఆట ఆడలేదు. నేను ధీమాగా కాళ్లు చాపుకున్నాను.

నాగరాణి చేతులు కొంగుకు తుడుచుకొని ఫోన్ అందుకుంది. “వీళ్లెవరు?”

“ముందున్నది నేను. పక్కన మా దోస్తు దేవరాజ్. విల్లు పట్టింది నువ్వు.”

“మూలకున్న ముసలామె?”

“హనుమమ్మ. మందులిచ్చేది.”

“కన్నతల్లి పేరు పెట్టి మూలకు నిలవెట్టినవా?”

“దెబ్బ తగలొద్దని.”

పొగలదొర ఒక్కసారి నిప్పుల పొగ ఊదాడు. దేవరాజ్ కూలాడు. తెర మీద నేను సగం కాలాను, మంచం మీద నేను నవ్వుకున్నాను.

నాగరాణి తెర మీద హనుమమ్మ మందుల సంచి తెరిచి నోరు తెరిచింది. “సంచి నిండ అమృతాలే ఉన్నయి. ఒక్కటన్న వాడలేదా?”

“ముట్టకు. ముందుముందు అక్కరకొస్తయి.”

“చివరి రాక్షసుడంటివి గద. వీని ముందల ఇంకెవడున్నడు?”

నేను చాపుకున్న కాళ్లు ముడుచుకున్నాను. పొగలదొర మాత్రం ఆసక్తిగా వింటున్నట్టే నిలబడ్డాడు.

“అత్తమ్మా, నువ్వు కానియ్యి,” అంది నాగరాణి.

హనుమమ్మ అమృతం పోసింది. దేవరాజ్ లేచాడు. దొర ఊదినప్పుడల్లా ఆమె పోసింది, మిగతా ముగ్గురూ బాదారు. “అది వద్దు, అసొంటిది ఒక్కటే ఉన్నది,” అని నేను బతిమాలుతుండగానే అదీ అయిపోయింది. సంచి ఖాళీ, దొర ఖాళీ. బాకాలు మోగాయి. నలుగురు వీరులూ గంతులేశారు. నేనూ వేశాను, పందెం గుర్తొచ్చేదాకా.

“గిర్నీ కాడ లైన్ ఉంటది. జల్ది పో,” అంది నాగరాణి.

సాయంత్రం నేను దింపిన కొత్త కంచంలో వేడి జొన్నరొట్టె పడబోతుండగా అమ్మ దాన్ని తిప్పి చూసింది. “గివి నేను కొన్నయి గాదురా? గిన్నేండ్లు ఏం జేసిన్రు?”

“నువ్వే గదమ్మా, మంచిరోజుకు దాచుకోమన్నవు.”

“అంటి. గా మంచిరోజు అటకెక్కి కూసుంటదనుకున్నవా?”

నాగరాణి నా వైపు చూడకుండా పప్పు వడ్డించింది. ఆ చూడకపోవడం కన్నా పొగలదొర పొగే నయం. అమ్మ మాత్రం కొత్త కంచంలో ఇంకో రొట్టె వేయించుకుంది.

మీ అటక మీద కూడా ఒక డబ్బా ఉండే ఉంటుంది. దాన్ని దింపిన రోజున, మూలన నిలబడి ఇన్నాళ్లూ తన వంతు కోసం కాచుకున్న మా హనుమమ్మను ఒక్కసారి తలుచుకోండి.