గిజిగాడికి రాని సర్టిఫికెట్

ఒకానొక పెద్ద అడవిలో పని వెతుక్కునేవాళ్ల కంటే పని ఇప్పించే ఆఫీసులే ఎక్కువ. వాటన్నిటికీ పెద్దది ఉపాధి శిక్షణ శాఖ. దానికి కమిషనర్ ఎలుగుబంటి.

ఆ ఏడు కమిషనర్ కొత్త ఉత్తర్వు తీసింది. సర్టిఫికెట్ లేనివాళ్లు గూళ్లు అల్లకూడదు, కప్పులు నేయకూడదు.

గిజిగాడి గుండెల్లో రాయి పడింది. తరతరాలుగా వాళ్ల పని అదే. పైగా వానలు దగ్గరపడ్డాయి, పెళ్లాం గుడ్లు పెట్టే వేళ. సగం అల్లిన గూడు వదిలేసి ఆఫీసుకు పరుగెత్తాడు.

"అయ్యగారూ, ఇది నాకు ముక్కుతో పెట్టిన విద్యండీ!"

"వచ్చని నువ్వు చెబితే చాలదు. శిక్షణలో చేరు," అంది ఎలుగుబంటి. గుమాస్తా తొండ అవునవునని తలాడించింది.

పాఠం చెప్పేది కోకిలమ్మ. ఆవిడ జన్మలో పుల్ల ముట్టలేదు, గుడ్లు కాకి గూట్లోనే పెడుతుంది. గొంతు మాత్రం అద్భుతం. 'గూడు: అర్థం, అవసరం' అని మూడు వారాలు చెప్పింది. తోటి విద్యార్థి దున్నపోతు ప్రతి మాటా వల్లెవేసింది. గిజిగాడు వింటూ వింటూ అలవాటుకొద్దీ గడ్డిపోచలు అల్లుతుంటే, "క్లాసులో ఆటలా?" అని కోకిలమ్మ బయట నిలబెట్టింది.

పరీక్షలో ఒకటే ప్రశ్న: మంచి గూడంటే ఏది?

"మనం కట్టనక్కర్లేనిది," అని కోకిలమ్మ చెప్పినట్టే రాసి దున్నపోతు ఫస్టు వచ్చింది. గిజిగాడు జవాబు కాగితం మీద గూడు అల్లి పెట్టాడు. ఫెయిల్ చేశారు.

తొలి గాలివానకే శాఖ ఆఫీసు కప్పు ఎగిరిపోయింది. ఎలుగుబంటి నెత్తిమీద ధార. సర్టిఫికెట్లు పట్టుకుని నలభై మంది వచ్చారు. అందరి కంటే ముందు దున్నపోతు గోడెక్కింది. గోడ కూడా పోయింది.

"గిజిగాణ్ణి పిలవండ్రా!" అని అరిచింది ఎలుగుబంటి.

గిజిగాడు తడిసి ముద్దయి వచ్చాడు. "నేను అల్లితే నేరం కదండీ."

ఎలుగుబంటి తొండ వంక చూసింది. తొండ మొదటిసారి తలాడించడం ఆపి ఆలోచించింది. "అల్లేది ఇతనే. రాసేది మాత్రం దున్నపోతు పేరండీ."

"మరి మా ఇంటి గూడో?" అన్నాడు గిజిగాడు దీనంగా.

"అదీ ఆ పేరు మీదే అల్లుకో. ఫో!"

సాయంత్రానికల్లా ఆఫీసుకు కప్పు పడింది. గిజిగాడి గూడూ పూర్తయింది. గుమ్మానికి తొండ ఓ చీటీ అంటించి వెళ్లింది: 'కట్టినవారు దున్నపోతుగారు.'

గిజిగాడి పెళ్లాం అది చదివి హడలిపోయింది. "ఏమండీ, ఈయన కూడా మనతోనే ఉంటాడా?"

నీతి: పని వచ్చినవాడు బతకాలంటే, పని రానివాడు పాసవ్వాలి.