పిట్టగోడకు ప్రథమ బహుమతి

విద్యార్థులందరికీ మాట్లాడటం, రాయడం వచ్చి తీరాలని ఆ కళాశాల యాజమాన్యం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఏం మాట్లాడాలో, మాట్లాడితే ఎవరు వినాలో ఆ తీర్మానంలో లేదు. యాజమాన్యాలు అంత చిన్న విషయాల జోలికి పోవు. పాత సైకిల్ షెడ్డుకు రంగులు వేయించి, ‘ప్రభావశీల వ్యక్తీకరణ కేంద్రం’ అని బోర్డు తగిలించి, ఒక శిక్షకుణ్ణి రప్పించారు. పక్కనున్న మనిషిని మంచినీళ్ళడగాలన్నా ఆయన కళ్ళు మైకు కోసం వెతుకుతాయి. అందుకని పిల్లలు ఆయనను మైకు మాస్టారు అన్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే గొణుగుడమ్మ ప్రిన్సిపాల్ గదిలో అడుగుపెట్టింది. అది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు, తోటి విద్యార్థులు పెట్టింది. ఆమె గొంతు అసలే సన్నం. పెద్దవాళ్ళ ముందు మరీ సన్నబడి, మాట పెదవి దాటేసరికి సగమే మిగిలేది. ఆమె చెప్పదలుచుకున్నది మాత్రం సూటి విషయం. మొదటి అంతస్తు వరండా పిట్టగోడ చెయ్యి వేస్తే కదులుతోంది. మధ్యాహ్నం గంట కొట్టగానే ఆమె చెల్లెలూ, స్నేహితురాళ్ళూ ఆ గోడకే జారబడి టిఫిన్ డబ్బాలు విప్పుతారు.

“సార్, పిట్టగోడ కదులుతోంది సార్.”

“ఏంటీ?”

“పిట్టగోడ సార్. పడిపోయేలా ఉంది.”

ప్రిన్సిపాల్ గారికి వినపడలేదనుకుంటే పొరపాటు. వినపడింది కనుకనే ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. “ఇలా గొణిగితే రేపు ఇంటర్వ్యూలో నీకు ఉద్యోగం ఎవడిస్తాడమ్మా? ముందు మాట్లాడటం నేర్చుకునిరా” అని అక్కడికక్కడే ఆమెను సైకిల్ షెడ్డులో చేర్పించారు. ఒక ఫిర్యాదును చేతికి మట్టి అంటకుండా అడ్మిషన్‌గా మార్చేయడం అందరికీ అబ్బే విద్య కాదు.

మైకు మాస్టారు మొదట ఆమె చేత విషయం రాయించారు. ‘వరండా పిట్టగోడ కదులుతోంది. కూలకముందే బాగు చేయించండి’ అని రాసిచ్చింది. ఆయన దాన్ని చచ్చిన బొద్దింకను పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో ఎత్తి చూపించారు.

“దీనికి ఎత్తుగడ ఏదీ? ఊపు ఏదీ? చదివేవాడి గుండె ఎక్కడ ఝల్లుమనాలి? పైగా ‘కూలకముందే’ అంటావా! అపశకునం మాటలు పాఠకుణ్ణి పారిపోయేలా చేస్తాయి.”

“కానీ సార్, అది నిజంగానే కూలేలా...”

“నిజం ఎవరికైనా ఉంటుందమ్మా. శైలి ఉండాలి.”

అప్పటినుంచి ఆ షెడ్డులో గోడకు శైలి అబ్బసాగింది. ప్రసంగాన్ని ప్రశ్నతో మొదలుపెట్టాలన్నారు, గోడ ప్రశ్న అయింది. పోలిక కావాలన్నారు, గోడ జీవితం అయింది. కుడిచెయ్యి గుండె ఎత్తుకు లేవాలి, చూపు చివరి వరుస దాకా పోవాలి, ఎంత ఘోరం చెబుతున్నా పెదవి మీద చిరునవ్వు చెదరకూడదు. గొణుగుడమ్మ అద్దం ముందు నిలబడి నవ్వుతూ గోడ కూలడం సాధన చేసింది. గొంతు పెరిగింది. మెడ నిటారైంది. సిమెంటు, ఇటుకలు, పగుళ్ళు ఒక్కొక్కటే ప్రసంగంలోంచి రాలిపోయాయి.

వక్తృత్వ పోటీ రోజున ఆమె వేదిక ఎక్కి, “మన విలువల పిట్టగోడ కదులుతోంది, మీకు వినపడుతోందా?” అని అడిగింది. సభ గాలి పీల్చడం మరిచిపోయింది. ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఒకరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ఇంత చిన్న వయసులో ఇంత ప్రతీకా! ఆ పిట్టగోడ ఎవరు? మన సంస్కృతి కాదూ!” అన్నారాయన. రెండో ఆయన అది కుటుంబ వ్యవస్థ అన్నారు. అది పిట్టగోడేమోనన్న అనుమానం ఎవరికీ రాలేదు. ప్రథమ బహుమతి ఆమెకే దక్కింది. ప్రిన్సిపాల్ గారు ఆమె భుజం తట్టి, “చూశావా, ఇప్పుడు ఎంత బాగా వినపడిందో!” అన్నారు.

ఇంటికి వస్తుంటే చెల్లెలు దారిలో అడిగింది.

“అక్కా, ఇంతకీ గోడ బాగు చేయిస్తారంటా?”

“చప్పట్లు ఎలా కొట్టారో చూశావుగా. చేయించకుండా ఉంటారా?”

“అయితే సరే.”

ఆ జవాబు చెప్పేటప్పుడు గొణుగుడమ్మకు గోడ కన్నా చప్పట్లే ఎక్కువ గుర్తున్నాయి. జన్మలో మొదటిసారి నలుగురు తన మాట విన్నారన్న సంతోషంలో, అక్కడ కూర్చోవద్దని చెల్లెలికి చెప్పడం మరిచిపోయింది.

గోడ మాత్రం ఏ శిక్షణా తీసుకోలేదు. ఉపోద్ఘాతం లేకుండా, విరామం ఇవ్వకుండా, ఒక మధ్యాహ్నం కూలిపోయింది. చెల్లెలు ఇటుకలతో సహా కింద పడింది. తొడ ఎముక రెండుచోట్ల విరిగింది. ఆస్పత్రిలో స్పృహ రాగానే, “అక్కడ కూర్చోవద్దని నాకు చెప్పలేదేమే అక్కా?” అంది.

కళాశాల వెంటనే స్పందించింది. సానుభూతి సభ ఏర్పాటు చేసింది. బాధితురాలి అక్కే ఉత్తమ వక్త కావడం కార్యక్రమానికి నిండుదనం తెస్తుందని అందరూ అనుకున్నారు. వేదిక మెట్ల దగ్గర మైకు మాస్టారు ఆమె చెవిలో, “కన్నీళ్ళొస్తే తుడుచుకోకు. ముందు వరుసకు కనపడాలి” అన్నారు.

ఆమె మైకును పక్కకు నెట్టింది. చెయ్యి గుండె ఎత్తుకు లేవలేదు. నవ్వలేదు.

“గోడ కదులుతోందని ప్రిన్సిపాల్ సార్‌కి చెప్పాను. మాస్టారికి రాసిచ్చాను. మీ అందరికీ చెప్పాల్సినప్పుడు బహుమతి కోసం వేరేదేదో చెప్పాను. మా చెల్లి లేవలేకుండా ఉంది. వరండా రెండో వైపు గోడ కూడా కదులుతోంది. అక్కడ కూర్చోకండి.”

అంతే. సభంతా ఆమె వైపే చూస్తోంది. విన్నారు, ఈసారి నిజంగానే విన్నారు అనుకుంది గొణుగుడమ్మ.

ముందుగా లేచింది మైకు మాస్టారే. ఆయన కళ్ళు చెమర్చాయి. “క్లుప్తత! ఇదే, నేను మొదటినుంచీ మొత్తుకుంటున్నది ఇదే!” అని చప్పట్లు మొదలుపెట్టారు. సభంతా లేచి నిలబడింది. ఆ ప్రసంగాన్ని వచ్చే ఏడాది పాఠంగా పెట్టాలని ప్రిన్సిపాల్ గారు ప్రకటిస్తే, దానికీ చప్పట్లు పడ్డాయి.

గంట కొట్టారు. పిల్లలు డబ్బాలు పట్టుకుని వరండా రెండో వైపుకు నడిచి, గోడకు జారబడి కూర్చుని, ఆమె ఎక్కడ ఆగింది, ఎక్కడ గొంతు తగ్గించింది అని ముచ్చటించుకోసాగారు. గొణుగుడమ్మ పరుగున వచ్చి, “లేవండి! లేవండర్రా అక్కణ్ణుంచి!” అని గొంతు చిరిగిపోయేలా అరిచింది.

“అబ్బ, గొంతు ఎంత పైకి పోయిందో విన్నావా?” అంది ఒకమ్మాయి పక్కమ్మాయితో. ఇద్దరూ కూర్చున్నచోటునుంచే చప్పట్లు కొట్టారు.

వాళ్ళను చూసి నవ్వుకుంటున్న పాఠకులకు ఒక్క మనవి. ఈ కథలో మీకు ఏ వాక్యం బాగా నచ్చిందో మాత్రం దయచేసి చెప్పకండి.