మనిషిని బట్టి మొదటి ఎత్తు

రికార్డుల గుమాస్తా ఆ ఉదయం కాఫీ చల్లారేలోగా ఒక చిన్న పని ముగించుకోవాలనుకున్నాడు. తన తత్వానికి సరిపడే చదరంగం ఓపెనింగ్, అంటే ఆట మొదలుపెట్టే ఎత్తుల వరస, ఎంచుకోవాలి, అంతే. మధ్యాహ్నం మూడింటికి హెడ్డుగుమాస్తాతో ఆఫీసు పోటీ ఫైనల్. గెలిచినవాడికి ఏడాదిపాటు కిటికీ పక్క బల్ల ఇస్తారు. తొమ్మిదేళ్లుగా అక్కడ హెడ్డుగుమాస్తా చల్లగాలికి కునుకు తీస్తున్నాడు. మనవాడు మరుగుదొడ్డి తలుపు పక్కన ముక్కు మూసుకుని ఫైళ్లు చూస్తున్నాడు.

అరువు తెచ్చిన పుస్తకం మొదటి పేజీలోనే మెలిక పెట్టింది. ముందు మీరెలాంటివారో తేల్చుకోండి, దూకుడు మనిషా, నిబ్బరం మనిషా?

"ఏమోయ్, నేనెలాంటి మనిషినంటావు?" అని భార్యనడిగాడు.

ఆవిడ గరిటె కింద పెట్టింది. "ఏం చేసొచ్చారు? ముందది చెప్పండి."

"అబ్బే, చదరంగం కోసం. నాకు దూకుడుందా?"

"మీకా! పాలప్యాకెట్ కారుతోందని చెప్పలేక కొట్టతని ముందు మూడుసార్లు దగ్గి ఇంటికొచ్చారు. నోట్లో నాలుకుంటేగా!"

మనవాడు నిబ్బరం పేజీకి గుర్తు పెట్టుకున్నాడు. ఫైనల్‌కు తగ్గ చొక్కా లేదని ఆవిడ, జానెడు పొడుగెక్కువైన తన తమ్ముడి చొక్కా తొడిగించింది. చేతులు వేళ్లు దాటి వేలాడాయి. ఎరువు సొమ్ము బరువు చేటు అనుకున్నాడు గానీ, పైకి మాత్రం దగ్గాడు.

ఆఫీసులో టైపిస్టు ఒప్పుకోలేదు. "మీరు నిబ్బరమేంటండీ? మొన్న ఎలుకొస్తే స్టాప్లర్ విసిరిందెవరు?"

విసిరింది భయంతో, తగిలింది హెడ్డుగుమాస్తా కాలికి. అయినా పొగడ్త పొగడ్తే కాబట్టి దూకుడుకు మారాడు. పదకొండింటికి అనుమానమొచ్చి మళ్లీ నిబ్బరం. భోజనాల వేళకు రెండూ కలిసిన మరొకటి. మారిన ప్రతిసారీ టైపిస్టుకు చెప్పాడు, టైపిస్టు హెడ్డుగుమాస్తాకు చెప్పింది. పాపం ఆయన క్యారియర్ మూతైనా తియ్యకుండా ఒక్కోదానికీ విరుగుడు బట్టీపట్టాడు.

మూడయింది. చెరో అరగంట గడువు, అది దాటితే ఓటమే; ఎత్తు వేసి గడియారం మీట నొక్కితే అవతలివాడి గడువు నడుస్తుంది. తెల్లపావులు మనవాడివి. చెయ్యి రాజు ముందు బంటు మీదికి వెళ్లింది, అక్కణ్నుంచి మంత్రి ముందు బంటు వైపు మళ్లింది, ఎటూ తేలక గాల్లో ఆగింది. చెమట తుడుచుకుందామని విదిలిస్తే, వేలాడే చొక్కా చెయ్యి చిట్టచివరి బంటును ఒక గడి ముందుకు తోసింది. మోచెయ్యి వెళ్లి గడియారం మీట మీద పడింది.

"ఎత్తు పడింది!" అంది లెక్క చూస్తున్న టైపిస్టు.

పొరపాటని చెప్పాలనుకున్నాడు. మూడుసార్లు దగ్గాడు.

హెడ్డుగుమాస్తాకు ఆ దగ్గులో ధీమా వినిపించింది. "ఓహో! పొద్దుట్నించీ నా చెవిన వేయించినవన్నీ ఎర అన్నమాట!" బట్టీపట్టిన విరుగుళ్లలో చివరి బంటుకు మందు లేదు. దీని వెనక ఎంత కుట్ర ఉందోనని బుర్ర గోక్కుంటూ కూర్చున్నాడు. అరగంటా కరిగిపోయింది. ఒక్క పావు కదపకుండానే ఓడిపోయాడు.

మర్నాడు బల్లలు మారాయి. కిటికీ గాలి తగలగానే మనవాడికి కళ్లు చెమర్చాయి. అంతలో హెడ్డుగుమాస్తా మరుగుదొడ్డి పక్కనుంచి లేచొచ్చి గొంతు తగ్గించాడు. "ఆ ఎత్తు ఎక్కడ సంపాదించావయ్యా?"

మనవాడు తొమ్మిదేళ్లలో తొలిసారి దగ్గకుండా నిజం చెప్పాడు. "అంతా మా బావమరిది చలవండీ."

ఆ ఆదివారమే హెడ్డుగుమాస్తా శిష్యరికం కోసం బావమరిది ఇంటి తలుపు తట్టాడు. బావమరిదికి చదరంగం రాదు, చేతులు మాత్రం పొడుగు.