ఫిట్టయినవాడికి గోలీలెందుకు

గట్టు మండలంలో ఒక మనిషికి రక్తపోటు సమూలంగా నయమైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. బతికినన్నాళ్లూ మందు వాడాల్సిందేనని డాక్టర్లు చెప్పే ఈ జబ్బును హైదరాబాదులోని ఒక రబ్బరు ముద్ర ఒక్క దెబ్బతో పోగొట్టింది. నయమైన మనిషి పేరు యోహాను. ముద్రలో ఉన్న మాట 'ఫిట్'.

యోహాను నిరుటిదాకా సీడుపత్తి చేలల్లో కూలి చేసేవాడు. ఒకనాడు ఒక పువ్వు పుప్పొడిని ఇంకో పువ్వుకు రుద్దే క్రాసింగు పని చేస్తూ చేస్తూ సాళ్ల మధ్యనే కళ్లు తిరిగి పడిపోయాడు. సర్కారు దవాఖానకు మోసుకుపోతే డాక్టరు అర్చన బీపీ చూసి, నమ్మక మళ్లీ చూసి, రోజూ ఒక గోలీ వేసుకోవాలని రాసింది. మానేస్తే ఏమవుతుందని భార్య పుష్పమ్మ అడిగింది. కాలూచెయ్యీ పడిపోవచ్చు, ప్రాణమే పోవచ్చునని డాక్టరు చెప్పింది. ఆ రోజు నుంచి మొగుడు గోలీ మింగేదాకా పుష్పమ్మ కంచంలో అన్నం పెట్టలేదు.

అంతలో గల్ఫ్‌లో మేడలు కట్టే పని దొరికింది. ఇప్పించినవాడు అయిజ నరేందర్. ఆయన్ను ఏజెంటు అనకూడదు, అలుగుతాడు. 'విదేశీ ఉపాధి మార్గదర్శి' అని బోర్డు రాయించుకున్నాడు. మెడికల్‌కు మనుషులను తయారు చేయడంలో ఆయన్ను మించినవాడు ఈ చుట్టుపక్కల లేడు. మెడికల్ అంటే విదేశం పోయేముందు చేసే ఆరోగ్య పరీక్ష. దానికి మనవాళ్లు పడే కష్టం చూస్తే సర్కారు కొలువులకు చదివే పిల్లలు సిగ్గుపడాలి. ఉప్పు బందు. తొక్కు పచ్చడి బందు. కల్లు దుకాణం ఉన్న వీధిలో నడవడమే బందు. వేసుకునే గోలీ ఒకటికి రెండు. పరీక్ష గదిలో ఇంటిని, పెళ్లాన్ని, రావాల్సిన వానను తలుచుకోరాదు.

"జర నవ్వుమొకం పెట్టు, బీపీ దానంతటదే దిగుతది" అని నరేందర్ నేర్పాడు.

యోహాను నవ్వాడు. బీపీ దిగింది. ముద్ర పడింది. ఒంట్లో ఏముందో తెలుసుకోవడానికి పెట్టిన పరీక్షను, ఒంట్లో ఏముందో ఎవరికీ తెలియకుండా దాటడం అందరికీ చేతనయ్యే విద్య కాదు.

ఊరు పొంగిపోయింది. సర్కారు దవాఖాన బీపీ ఉందన్నది, హైదరాబాదు లేదన్నది. గట్టు పెద్దదా, హైదరాబాదు పెద్దదా? ఇక్కడ ఎవరికీ అనుమానం లేదు. ఏళ్లుగా ఆయాసపడుతున్న జంగయ్య అయితే ఏ విదేశానికీ పోకుండానే ఫిట్టు కావాలని నరేందర్ చుట్టూ తిరిగాడు. "నాకు ఇమానం ఒద్దు బిడ్డా, గా ముద్రొక్కటి ఏపియ్యి, దమ్ము తగ్గుతది" అన్నాడు.

ప్రయాణానికి ముందు ఆరోగ్య రక్షణ ఏర్పాట్లన్నీ సక్రమంగా జరిగాయి. పాస్టరు తలకు నూనె రాసి ప్రార్థన చేశాడు. హన్మమ్మ మైసమ్మ దారం కట్టింది. కుల్సుమ్‌బీ దర్గా నుంచి తాయెత్తు తెచ్చింది. పుష్పమ్మ ఒక్కతే దారి తప్పి మళ్లీ డాక్టరు దగ్గరికి పోయింది. అర్చన కొన్ని నెలలకు సరిపడా గోలీలిచ్చి, చీటీ రాసి, వాటిని చీటీతో సహా చేతిసంచిలో పెట్టుకోవాలని, ఇంకెవరి మందులూ మోసుకుపోవద్దని చెప్పింది. చదువుకున్నదే గాని పాపం, లోకం తెలియదు. ఏ ఫిట్టయిన మనిషైనా గోలీలు చేతపట్టుకుని విమానం ఎక్కుతాడా?

వీడ్కోలు సభలో నరేందర్ ఇదే విషయం విశదీకరించాడు. "సభకు నమస్కారం. మన గట్టు గాలిలో రోగం లేదు, మన జొన్నరొట్టెలో రోగం లేదు. రోగమంతా గోలీలో ఉన్నది. గోలీ కనబడితే ఎయిర్‌పోర్టులో నిన్ను రోగి అంటరు. నిన్నంటే ఊరినన్నట్టే. మన మండలం నుంచి పోయిన ఒక్కడు కూడా ఇప్పటిదాకా గోలీ పట్టుకొని పోలేదని గర్వంగా మనవి చేస్తున్నాను." చప్పట్లు మారుమోగాయి. హన్మమ్మ అందరికంటే గట్టిగా కొట్టింది. ఆమె కొడుకు సతీష్ కూడా గల్ఫ్‌లోనే ఉన్నాడు, ఫిట్టయి వెళ్లినవాడే.

మన దగ్గర విమానమెక్కేవాడు తన సామాను తీసుకుపోడు. ఊరి సామాను తీసుకుపోతాడు. అక్కడున్న కొడుకులకు, మొగుళ్లకు, తమ్ముళ్లకు ప్రతి ఇంటి నుంచీ ఒక పొట్లం వస్తుంది, కాదంటే మాటలు బందవుతాయి. ఆ పొట్లాలన్నీ కుక్కిన సంచిని ప్రయాణం నాటి పొద్దున మస్తాన్ కిరాణా దుకాణంలో కాంటా మీద పెట్టారు. విమానం ఒప్పుకునే బరువు దాటింది. ఊరివాళ్ల పొట్లాలు తీయడం మర్యాద కాదు గనుక యోహాను బట్టలు తీయసాగారు. లుంగీ మడత విప్పగానే గోలీల కవరు జారి నేలమీద పడింది.

అందరూ పుష్పమ్మ వైపు చూశారు.

"ఫిట్టయినోని సంచిల గోలీలేంది చెల్లె?" అని నరేందర్ నొచ్చుకున్నాడు. "ఊరి ఇజ్జత్ తీస్తవా?"

"ఇజ్జత్ నాకు తెల్వదన్నా. గోలీ లేకుంటే ఈయన పడిపోతడు. గంతెత్తు మేడల మీద పనంటివి. నాకు భయమైతుంది."

కాంటా ఇంకా దిగలేదు. తొక్కు డబ్బాలే బరువని, తొక్కును కవర్లలోకి మారుద్దామని మస్తాన్ అన్నాడు. హన్మమ్మ అడ్డం పడింది గాని అప్పటికే ఆమె డబ్బా మూత వచ్చేసింది. తొక్కు మీద కవరు, కవరులో షుగరు గోలీలు. హన్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మా సతీష్‌వి. ఆడ అడిగితే కంపెనీకి తెలుస్తదని ఈడికెల్లి పంపుతున్న" అంది.

కుల్సుమ్‌బీ అల్లుడి పొట్లం విప్పితే నువ్వుల లడ్డూల కింద గుండె గోలీలు. మిగతావాళ్లు తమ పొట్లాలు విప్పకుండానే రోడ్డు వైపు చూడసాగారు. చివరికి మార్గదర్శి గారు తన తమ్ముడికి పంపే సకినాల డబ్బా వచ్చింది. అందులో ఉన్నవి బీపీ గోలీలు, నేలమీద పడినవీ అవే, రంగుతో సహా.

"గవే గోలీలు గదన్నా" అంది పుష్పమ్మ.

నరేందర్ తొణకలేదు. అటువంటి నాయకులు అరుదు. "మా తమ్ముడు పోయి ఏండ్లాయె. వాని ఫిట్టు పాతవడ్డది. యోహానుది మొన్నటిది, తాజాది. గవి రోగుల గోలీలు, పోవాలె. రోగం లేనోనివి ఎందుకు?"

ఇంత సమంజసమైన తీర్పును ఊరు ఏకగ్రీవంగా ఆమోదించింది. పొట్లాలన్నీ మళ్లీ కట్టారు. పుష్పమ్మ ఏడుస్తూ మొగుడి చెయ్యి పట్టుకుంది. యోహాను కణతలు నొక్కుకుంటూ, "ఊకోయే. గిప్పుడు లొల్లయితే వీసా పోతది" అని, కవరు తీసి ఆమె చేతిలో పెట్టాడు. గోలీలు తీస్తే బరువేమీ తగ్గలేదు. రెండు చొక్కాలు కూడా తీశారు. ఒక ఊరికి సరిపడా మందులు మోసుకుంటూ యోహాను బయలుదేరాడు. అతను మోసినవాటిలో అతనివి లేవు.

మొన్న ఫోను చేశాడు. మేడ మీద ఎండ ఎక్కువగా ఉందట, తల దిమ్ముగా ఉంటోందట, ఎవరితోనూ అనొద్దన్నాడు. పుష్పమ్మ ఆ కవరును పల్లికారం డబ్బాలో దాచి, ఇల్లిల్లూ తిరిగి ఇక అక్కడికి పోయేదెవరని అడుగుతోంది. మీ ఇంట్లో ఎవరైనా ఫిట్టయి ప్రయాణమవుతుంటే దయచేసి ఆమెకు కబురు పెట్టండి. సంచిలో చోటు గురించి బెంగపడకండి. మీవాడి గోలీలు మీరే తీసేస్తారు కదా, ఆ చోటు చాలు.