నేను దిగేదాకా ఎవరూ ఫోన్లు ముట్టొద్దు

పొద్దున కడపలో విమానం ఎక్కాలి, మధ్యాహ్నానికల్లా హైదరాబాదు ఆస్పత్రిలో తమ్ముడి మంచం పక్కన కూర్చోవాలి. ప్రొద్దుటూరు బట్టల వ్యాపారి చెన్నకేశవులు వేసుకున్న ఏర్పాటు ఇంతే. అన్నదమ్ముల మధ్య మాటలు పోయి ఆరేళ్లయింది. ఆ సాయంత్రమే తమ్ముడు మహీధర్ గుండెకు ఆపరేషన్. అది వికటిస్తే ఇక మాట్లాడ్డానికి మనిషే ఉండడన్న భయం ఆయన చేత మొదటిసారి విమానం టికెట్ కొనిపించింది.

విమానాల సంగతి తెలిసినవాడు పక్క కొట్టు దర్జీ కమాల్ బాషా. కువైట్‌లో పనిచేసి వచ్చాడు. లోపల ఫోన్లు ఆపమని బోర్డులుంటాయని చెప్పి ఊరుకుని ఉంటే సరిపోయేది.

"పెట్రోలు బంకులో అడ్డగీత గొట్టిన ఫోను బొమ్మ జూళ్లేదా అన్నా? ఆడ గూడ అదే బొమ్మ. విమానమంటే రెక్కలున్న పెట్రోలు బంకే గదా."

"మనం ఆపేస్తాం సరే. కిందనుంచి ఎవరన్నా చేస్తే?"

కమాల్ బాషా టేపు మెడలో వేసుకుని ఆలోచించాడు. "అది నన్నెవరూ అడగల్యా."

తెలియదన్న మాట కన్నా అది భయంకరంగా వినిపించింది. చెన్నకేశవులు బంధువుల గ్రూపులో తాను దిగేదాకా ఎవరూ తనకు ఫోను చేయవద్దని మాట రికార్డు చేసి పంపాడు. అది చాలదంది భార్య సుభాషిణి. జమ్మలమడుగు చిన్నమ్మ కళ్లద్దాలు లేకుండా ఏ నంబరు నొక్కుతుందో ఆమెకే తెలియదట. దాంతో అందరూ ఫోన్లే ఆపేయాలని రెండో ఆజ్ఞ వెళ్లింది.

హైదరాబాదులో మహీధర్ అది విని తన ఫోను ఆపేశాడు. పెదనాన్నను తీసుకురావడానికి బయలుదేరుతున్న కొడుకు భార్గవ్‌తోనూ ఆపించాడు. "ఇన్నాళ్లకు వస్తాండాడు. మళ్లా దీనికి అలిగితే నాతో కాదు."

కడపలో మంచు కమ్మింది. చెన్నకేశవులు విమానంలో కూర్చున్నాడు గానీ విమానం కదల్లేదు. పక్క సీటు కుర్రవాడు ఫోనులో సినిమా చూస్తుంటే ఈయన లాక్కోబోయాడు. ఫ్లైట్ మోడ్‌లో పెడితే చాలని ఎయిర్ హోస్టెస్ ఓపిగ్గా చెప్పింది. అంతమందిని చంపే బాధ్యత ఎవరిదని ఆయన అడిగాడు. చివరికి విమానం రద్దయిందని అందరినీ దింపేశారు.

దిగి ఫోను తీశాడు. ఇల్లు స్విచాఫ్. భార్గవ్ స్విచాఫ్. తమ్ముడు స్విచాఫ్. జమ్మలమడుగు, పులివెందుల, అన్నీ అంతే. బంధువులంతా ఒక్కటై ఆయన మాట విన్నది జీవితంలో అదే మొదలు.

అక్కడ ఆస్పత్రిలో డాక్టరు ఆపరేషన్‌ను సాయంత్రం నుంచి మధ్యాహ్నానికి జరిపి, కొడుకు సంతకం కావాలన్నాడు. తల్లిలేని ఇంట్లో సంతకం పెట్టే మనిషి భార్గవ్ ఒక్కడే. అతడు ఆలస్యమనే బోర్డు నమ్మి, రాని విమానం కోసం ఎయిర్‌పోర్టులో కూర్చున్నాడు. ఆస్పత్రివాళ్లు ఎన్నిసార్లు చేసినా అతడి ఫోను పలకలేదు. ఆ వేళను ఇంకో రోగికిచ్చి, మహీధర్‌ను వచ్చే నెల రమ్మన్నారు.

సాయంత్రం మహీధరే ఫోను చేశాడు.

"ఆరేండ్లు నువ్వు ఫోను చెయ్యకుంటే ఓర్చుకున్యా. ఈపొద్దు నా కొడుకు ఫోను గూడ ఆపిస్తివే."

"మహీ, నీకోసమేరా నేను..."

"ఇంక రావద్దులే."

ఆపరేషన్‌కు నెల గడువుంది కాబట్టి రైల్లో నిదానంగా వెళ్లిరావచ్చు. రమ్మనే మనిషే లేడు.