నిద్రపోని మంత్రిగారు

“ఫోను నిద్రపోతుంది, నేను నిద్రపోను!” అని ఆరోగ్యశాఖ మంత్రిగారు ప్రకటించగానే హాలు చప్పట్లతో మారుమోగింది. ముందు వరుసలో కునుకు తీస్తున్న ఇద్దరు అధికారులు కూడా ఉలిక్కిపడి లేచి చప్పట్లు కొట్టారు. ఆ వాక్యం రాసింది నేనే. మంత్రిగారి ఆఫీసులో ప్రకటనలు రాయడం నా ఉద్యోగం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి. నా చదువు జనానికి ఇంతగా పనికొస్తుందని కలలో కూడా అనుకోలేదు.

పథకం నిజంగా గొప్పది. ప్రతి నర్సుకూ, ప్రతి సూపర్‌వైజరుకూ ఒక స్మార్ట్‌ఫోను. అమోలెడ్ తెర, ఆల్వేస్ ఆన్ డిస్‌ప్లే. అంటే, ఫోను పక్కన పడేసినా మంత్రిగారి ముఖం తెర నడిమధ్యన నవ్వుతూ వెలుగుతూనే ఉంటుంది. దాన్ని తీసేయకూడదనీ, వెలుగు తగ్గించకూడదనీ ఉత్తర్వు కూడా వెలువడింది.

ఫోన్లు సరఫరా చేసిన కంపెనీ ఇంజనీరు ఒక్కడే కాస్త నసిగాడు.

“సార్, ఈ తెరకు వెనకాల లైటుండదు. అంతా సన్నటి చుక్కలే, ఏ చుక్కకా చుక్క సొంతంగా వెలుగుతుంది. ఒకే బొమ్మ ఒకేచోట అలా వెలుగుతూ ఉంటే ఆ చుక్కలు అరిగిపోతాయి. ఆ తర్వాత ఏం చూసినా దానిమీద ఈ బొమ్మ నీడ ఉండిపోతుంది.”

“ఎవరి బొమ్మ?”

“తమరిదే సార్.”

“ఇక పోదా?”

“పోదు సార్.”

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. “రాజకీయాల్లోకి వచ్చాక నాకింత మంచి మాట ఎవరూ చెప్పలేదయ్యా!”

“అది... మేం లోపం అంటాం సార్.”

“జనం మీద నా ముద్ర పడటం లోపమా?”

మంత్రిగారు వెలుగు ఇంకాస్త పెంచమన్నారు.

అంతటితో ఆగితే ఆయన మా మంత్రిగారెందుకవుతారు? హాజరు పద్ధతినీ సంస్కరించారు. సూపర్‌వైజరు రోజూ నర్సును ఎదురుగా నిలబెట్టి ఫోటో తీయాలి. ముఖం తెర మధ్యలోనే ఉండాలి. తెరమీది ముఖాన్ని రిజిస్టర్లో అంటించిన ఫోటోతో పోల్చి హాజరు వేయాలి. కంటితో చూసి వేయడం నిషిద్ధం. ‘కన్ను మొహమాటపడుతుంది, తెర పడదు.’ ఇదీ నా రచనే.

కొన్ని నెలలకు మా అక్క ఫోను చేసింది. అక్క ఊరి చివరి ఆరోగ్య కేంద్రంలో నర్సు. బావ మంచం పట్టినప్పటి నుంచి ఆ ఇంటికి ఆ ఉద్యోగమే దిక్కు. నన్ను చదివించిందీ ఆ ఉద్యోగమే.

“ఒరేయ్, నాకు మీసాలొచ్చాయిరా!”

“ఎవరన్నారే?”

“మా సూపర్‌వైజరు. తెరమీద చూపించాడు కూడా. మీ మంత్రి మీసాలు, కొలిచి పెట్టినట్టు సరిగ్గా నా ముక్కు కింద!”

“ఎదురుగానే ఉన్నావుగా. నువ్వని తెలీదా ఆయనకి?”

“‘మీరని నాకు తెలుసు మేడమ్, తెరకి తెలియాలిగా’ అన్నాడు. గైర్హాజరు వేసేశాడు. ఇంకొక్కసారి పడిందంటే ఇంటికి పంపేస్తార్రా.”

వేరే ఫోను అడగలేకపోయావా అన్నాను. అన్నిట్లోనూ అవే మీసాలట.

వెంటనే మంత్రిగారి కాళ్లమీద పడ్డంత పని చేశాను. ఆయన ఓపిగ్గా విన్నారు. “మీసాలు ఎలా ఉన్నాయట, బాగున్నాయా?” అని అడిగి తెలుసుకున్నారు. “ఆడకూతురికి అన్యాయం జరిగితే చూస్తూ ఊరుకుంటానా? రేపే నేను స్వయంగా వచ్చి విచారిస్తాను” అన్నారు. ఇలాంటి నాయకులు అరుదు.

విచారణ రోజున ఆరోగ్య కేంద్రం వరండాలో తెల్లటి గుడ్డ కప్పిన పెద్ద కుర్చీ వేశారు. అక్క ఇస్త్రీ యూనిఫారంలో నిలబడింది, పక్కన నేను. రోగుల్ని అవతలికి పంపేశారు. పొద్దెక్కింది, ఎండ వరండాలోకి వచ్చింది, మళ్లీ వెళ్లిపోయింది. సాయంత్రం అవుతుండగా ఫోను వచ్చింది. మంత్రిగారు కొత్త మోడల్ ఫోను ఆవిష్కరణలో ఉన్నారట, విచారణ మాత్రం ఇవాళే పూర్తి కావాలట.

సూపర్‌వైజరు రిజిస్టరు తెరిచాడు. “విచారణ అంటే ముందు వచ్చినవాళ్ల హాజరు వేయాలి. ఆయన లేకుండా ఎలాగండీ?” అంటూ అలవాటుకొద్దీ ఖాళీ కుర్చీకే ఫోటో తీశాడు. తెర చూశాడు. అతని ముఖం విప్పారింది.

నేనూ చూశాను. మనుషుల మీద మసకగా పడే నీడ, ఆ ఉత్త తెల్లగుడ్డ మీద నిండుగా, నవ్వుతూ, మీసంలో వెంట్రుకతో సహా కూర్చుని ఉంది. రిజిస్టరు మొదటి పేజీలో అంటించిన మంత్రిగారి ఫోటోతో పోల్చాడు. అచ్చు గుద్దినట్టుంది. ‘హాజరు’ అని రాశాడు.

“ఇప్పుడు ఫిర్యాదుదారు. రండి మేడమ్.”

అక్క ముందుకొచ్చింది. “బాబ్బాబు, కాస్త పక్కకి పెట్టి తీయండి.”

“మధ్యలోనే ఉండాలమ్మా, ఉత్తర్వు.”

తీశాడు. తెర చూశాడు, రిజిస్టరు చూశాడు, మళ్లీ తెర చూశాడు. మంచివాడు, తలెత్తి అక్క ముఖంలోకి మాత్రం చూడలేకపోయాడు.

“మంత్రిగారు వచ్చారు. మీరే రాలేదు మేడమ్.”