కొలతల చీటీ కోసం ఫ్రిజ్జుపై దండయాత్ర

సూర్యభగవానుడు వంటింటి కిటికీ ఊచల సందున తన కిరణసేనను గచ్చు మీదికి దింపుచున్న శుభవేళ, సహస్ర కాజా నిర్మాత, సూదిధారి, కుట్టుమిషను సారథి అయిన టైలరు మామయ్య కొత్త ఫ్రిజ్జు ఎదుట నిలిచెను.

అహో, ఆ ఫ్రిజ్జు! దర్పణసన్నిభము, రజతకాంతివిరాజితము, నిన్ననే గృహప్రవేశమాచరించిన స్టీలు తలుపు కోట. అత్తయ్య కొలతలు తీసి, చీటీ వ్రాసి, ఫ్రిజ్జుకు అంటించి, అది చూసి బట్ట కత్తిరించుట, మామయ్య కుట్టుట ఆ ఇంట ఇరువదేండ్ల పద్ధతి.

"నేను స్నానం చేసి వచ్చేలోపు ఈ చీటీ దీని మీద నిలబడాలి. లేదా, నీ ముద్దుల ఫ్రిజ్జు తిరిగి కొట్టుకే!" అని శాసించి అత్తయ్య వెడలెను.

"ఓస్, అంతేనా?" అని మామయ్య మీసము దువ్వి, రాలిన సూదులను ఏరెడు తన అయస్కాంతమును ప్రయోగించెను.

ఠప్! చీటీతో సహా నేలకూలెను. మరల ఎత్తెను, మరల కూలెను.

"ఒరేయ్! ఇన్నేళ్లూ సూదులు మేపి పెంచాను కదరా నిన్ను! ఇవాళే నా పరువు తీయాలా? కొట్లో నిన్ను పెట్టి చూసే ఈ ఫ్రిజ్జు కొన్నాను, అప్పుడు అతుక్కున్నావుగా!"

పరీక్షార్థము కత్తెరకు చూపెను, ఎగిరి కౌగిలించుకొనెను. ఇనుప పెనమును పట్టి వదలలేదు. అల్యూమినియం గిన్నె వంక కన్నెత్తి చూడలేదు. దోషము అయస్కాంతమున లేదు!

అంతలో స్నానాల గదిలో నీళ్ల చప్పుడు ఆగెను. గడువు తీరెనని రణభేరి మ్రోగినట్లు మామయ్య చీటీని, అయస్కాంతమును చేపట్టెను. అప్పుడు మెరుపువలె స్ఫురించెను: కొట్లో తలుపు ముందు జనము కిక్కిరిసియుండగా, తాను పరీక్షించినది దాని పక్కభాగమును! ఒక్క ఉదుటున గోడవైపు పార్శ్వమును చేరి, సందున చేయి దూర్చి, చీటీని ఉంచి, అయస్కాంతము మోపెను.

టక్!

తలకు తువ్వాలుతో అత్తయ్య వచ్చి, తలుపు చూసి, "ఏదయ్యా చీటీ?" అనెను.

"అటు పక్కన! ఈ తలుపు స్టీలుకి అయస్కాంతమంటే లెక్కలేదే. పక్కన రంగేసిన ఇనుప రేకు."

"ముందంతా బింకం, పక్కకొస్తే లొంగుబాటు. అచ్చం నీలాగే ఉంది! మరి ఆ గోడ సందులో తల దూర్చి చీటీ ఎవరు చూస్తారు?"

"నేనున్నాగా!"

"సరే, ఉండనీ."

అంతట ఆ మహావీరుడు ఫ్రిజ్జును జానెడు జరిపి, సందున శిరస్సు దూర్చి, ముందుగదిలో కత్తెర పట్టిన ఆమెకు వినబడునట్లు, దిక్కులు పిక్కటిల్ల విజయశంఖము పూరించెను:

"నడుము ముప్పై ఆరు!"